బక్కచిక్కిన పశువుకు రక్తపరీక్ష – చీటీ చదవడం ఎట్లా?



పాలకు పరీక్ష అవసరమని మన సభ్యులకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. ఉదయం, సాయంత్రం కేంద్రంలో వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూడకుండా ఒక్క లీటరు కూడా క్యానులో పోయనీయము. చీటీలో ఒక పాయింటు తగ్గితే కార్యదర్శిని నిలదీసి అడుగుతాము. కాని ఆ పాలు ఇచ్చే పశువు ఎముకలు తేలి నిలబడితే మాత్రం, “ఎండాకాలం గదా, వానలు పడితే అదే తేరుకుంటుంది” అని ఊరుకుంటాము. ఈ పాఠంలో అటువంటి పశువుకు చేసే రక్తపరీక్షను గురించి చెప్పుకుందాము. రక్తపరీక్ష ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు, చెప్పిన తరువాత మనం ఏమి చేయవలెను అన్నవే ఇందులోని మూడు విషయాలు.

మేము పశువైద్యులము కాము. సహకార శాఖలో లెక్కలు, తనిఖీలు చూసేవారము. అయినా ఈ సంగతి మేము ఎందుకు ఎత్తుకున్నామో ముందుగా చెప్పవలెను.

మా తప్పుతో మొదలుపెడతాము

2002లో మన ప్రాంతాలలో వానలు తప్పినవి. ఆ మరుసటి వేసవికి గడ్డివాములన్నీ అడుగంటినవి. ఒక మెట్ట గ్రామ సంఘంలో పశువైద్య శిబిరం పెట్టించాము. ఒక వితంతు సభ్యురాలు తన గేదెను మూడు కిలోమీటర్లు ఎండలో నడిపించుకొని వచ్చింది. అది సంఘం ద్వారా అప్పు తీసుకొని కొన్న గేదె. తుంటి ఎముకలు పొడుచుకొని వచ్చి, పక్కటెముకలు లెక్కపెట్టేటట్లు ఉన్నవి. చెట్టు కింద కట్టి, వెంటనే రక్తం తీయించాము. వారం తరువాత చీటీలు వచ్చినవి. ఆ గేదె చీటీలోని అంకెలన్నీ పక్కన అచ్చువేసిన హద్దులలోనే ఉన్నవి.

ఆమె అడిగింది: “సారూ, నా బర్రెకు రోగమేమన్నా ఉన్నదా?”

“ఏమీ లేదమ్మా, చీటీ బాగున్నది. కడుపునిండా దాణా పెట్టు, అదే లేస్తుంది” అని మేమే చెప్పినాము. డాక్టరుగారు మరొక శిబిరానికి వెళ్ళి ఉన్నారు. ఆయన వచ్చేవరకు ఆగవలసినది, ఆగలేదు. పైగా సంఘం ఖాతాలో ఒక బస్తా దాణా అరువు ఇప్పించాము. ఆమె మా మాట నమ్మి, మొదటి రోజునుంచే రెండు పూటలా దాణాతోపాటు నూకల జావ కూడా పెట్టింది. నాలుగవ రోజున గేదె మేత మానింది. అయిదవ రోజున పడుకున్నది. ఆరవ రోజున చనిపోయింది.

డాక్టరుగారు వచ్చి మమ్మల్ని రెండే ప్రశ్నలు అడిగినారు. “రక్తం తీసే ముందు పశువు నీళ్ళు తాగిందా? దాణా ఎన్ని రోజులలో పెంచినారు?” రెండింటికీ మా వద్ద జవాబు లేదు. దప్పికతో ఉన్న పశువు రక్తం చిక్కబడి అంకెలు ఎక్కువగా కనిపించినవని, ఎండిన కడుపులో ఒక్కసారిగా పిండిపదార్థం పడడంతో ప్రాణం పోయిందని ఆయన విడమరచి చెప్పినారు. ఆ సభ్యురాలు కూలి చేసి రెండేళ్ళలో అప్పు తీర్చింది. మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అప్పటినుంచి ఈ విషయం తెలిసినవారిని అడిగి నేర్చుకుంటూ వచ్చాము. నేర్చుకున్నది ఇక్కడ మీ ముందు ఉంచుతున్నాము.

రక్తం ఆలస్యంగా చెబుతుంది

మొట్టమొదట తెలుసుకోవలసిన సంగతి ఇది. మేత తక్కువైన వెంటనే రక్తంలో తేడా కనిపించదు. పశువు శరీరం తన రక్తాన్ని చాలాకాలం కాపాడుకుంటుంది. ఇంట్లో గింజలు తగ్గితే గాదెలోవి తీసి వండుకున్నట్లు, ముందు కొవ్వును, తరువాత కండను, ఎముకలోని సున్నాన్ని కరగదీసి రక్తానికి అందిస్తుంది. కావున కంటికి ఎముకలు కనిపిస్తున్నా రక్తం అంకెలు కొంతకాలం బాగానే ఉండవచ్చు.

పశువు రక్తంలోని ఎర్ర కణం ఆయుష్షు సుమారు నాలుగైదు నెలలు. ఈ రోజు మేత తగ్గితే కొత్త కణాలు తగ్గినా, పాతవి తిరుగుతూనే ఉంటవి. అందుకని మేత లోపం ఒక్కటే కారణమైనప్పుడు రక్తహీనత నెమ్మదిగా వస్తుంది. అది త్వరగా వచ్చినదంటే నట్టలో, పిడుదులో, రక్తంలోని సూక్ష్మజీవులో ఉన్నవని అనుమానించవలెను.

దీనినిబట్టి రెండు మాటలు గుర్తుంచుకోవలెను. చీటీ బాగున్నంత మాత్రాన పశువుకు తిండి చాలుతున్నదని అర్థం కాదు. చీటీ బాగాలేనంత మాత్రాన దోషమంతా తిండిదే అని కూడా అర్థం కాదు.

చీటీలోని ముఖ్యమైన అంకెలు

హద్దులు ఒక్కొక్క ప్రయోగశాలకు కొద్దిగా మారుతూ ఉంటవి. చీటీలో పక్కన అచ్చువేసిన హద్దులతోనే పోల్చుకోవలెను. ఇక్కడ ఇచ్చినవి సుమారు అంకెలు.

1. పి.సి.వి.: రక్తంలో ఎర్ర కణాల భాగం ఎంత అన్నది ఇది చెబుతుంది. మన కేంద్రాలలో గెర్బరు గొట్టాలను యంత్రంలో తిప్పితే వెన్న ఒక పక్కకు చేరినట్లే, సన్నని గాజు గొట్టంలో రక్తం పోసి తిప్పితే ఎర్ర కణాలు అడుగుకు చేరుతవి. ఆవు, గేదెలలో ఇది సుమారు 24 నుండి 46 శాతం వరకు ఉండవచ్చు. తక్కువైతే రక్తహీనత. ఎక్కువైతే ఆరోగ్యమని మాత్రం అనుకోరాదు. నీళ్ళు తాగని పశువుకు కూడా ఎక్కువగానే కనిపిస్తుంది. నీళ్ళు కలిపిన పాలు లాక్టోమీటరులో పలుచగా తేలినట్లు, నీళ్ళు ఇంకిన రక్తం పరీక్షలో చిక్కగా తేలుతుంది.

2. హిమోగ్లోబిన్: ఇది రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం. 100 మిల్లీలీటర్లకు సుమారు 8 నుండి 15 గ్రాములు ఉండవలెను. దీనిని పి.సి.వి.తో కలిపి చదవవలెను. ఇనుము, రాగి వంటి ధాతువుల లోపం, నట్టలు రక్తం పీల్చడం దీనిని తగ్గిస్తవి.

3. మొత్తం ప్రోటీను, అల్బుమిన్, గ్లోబులిన్: అల్బుమిన్ కార్జంలో తయారవుతుంది. మాంసకృత్తులు చాలాకాలం తక్కువైతే, కార్జం చెడితే, నట్టల వలన కారిపోతే ఇది తగ్గుతుంది. గ్లోబులిన్ శరీరం రోగంతో పోరాడేటప్పుడు పెరుగుతుంది. ఇక్కడ ఒక మోసం ఉన్నది. అల్బుమిన్ తగ్గి గ్లోబులిన్ పెరిగితే రెండూ కలిపిన మొత్తం సరిగ్గానే కనిపిస్తుంది. వెన్న తక్కువ, నీళ్ళు ఎక్కువ అయినా క్యాను నిండినట్లే కనిపించడం వంటిదే ఇది. కావున మొత్తం ఒక్కటే చూసి తృప్తిపడరాదు. రెండింటినీ విడివిడిగా వేయమని అడగవలెను. చెరువుగట్ల మేత మేసే పశువుకు అల్బుమిన్ తగ్గి, దవడ కింద నీరు దిగితే కార్జపు జలగలను అనుమానించి పేడ పరీక్ష కూడా చేయించవలెను.

4. యూరియా: మేతలోని మాంసకృత్తుల సంగతిని ఇది తొందరగా చెబుతుంది. ఒట్టి వరిగడ్డి, చొప్ప మీద ఉన్న పశువుకు ఇది తగ్గుతుంది. చెక్క, పప్పుజాతి పచ్చిమేత కలిపితే కొద్ది రోజులలోనే పెరుగుతుంది. కాని పశువు బాగా చిక్కి, తన కండనే కరిగించుకొనే దశకు వస్తే యూరియా మళ్ళీ పెరుగుతుంది. దప్పికలో కూడా పెరుగుతుంది. ఎముకలు తేలిన పశువుకు యూరియా బాగున్నదంటే సంతోషించవలసిన పని లేదు. అది మేతనుంచి వచ్చిందా, కండనుంచి వచ్చిందా అని అడగవలెను.

5. కాల్షియం: ఎముకలు ఉన్నంతవరకు రక్తంలో కాల్షియం నిలబడుతూనే ఉంటుంది. కావున మేతలో సున్నం చాలుతున్నదా అన్నది దీనిని చూసి తేల్చలేము. పైగా రక్తంలోని కాల్షియంలో దాదాపు సగం అల్బుమిన్‌ను అంటిపెట్టుకొని ఉంటుంది. అల్బుమిన్ తగ్గితే కాల్షియం అంకె కూడా తగ్గినట్లు కనిపిస్తుంది.

6. భాస్వరం: మన గేదెల విషయంలో ఈ అంకెను ప్రత్యేకంగా చూడవలెను. దీనిని విడిగా చెప్పుకుందాము.

ఎర్రమూత్రం – రక్తపరీక్ష నిజంగా ఆదుకొనే చోటు

ఈనిన కొద్ది వారాలలో, ఒక్కొక్కప్పుడు నిండు చూడిలో, గేదె కాఫీ డికాక్షన్ రంగులో మూత్రం పోయడం మనలో చాలామంది చూసినదే. భాస్వరం తక్కువైన మేత మీద ఉన్న గేదెకు, ఈనిన తరువాత పాలలో భాస్వరం పోవడంతో రక్తంలో అది బాగా పడిపోతుంది. భాస్వరం లేక ఎర్ర కణాలు బలహీనపడి పగులుతవి. లోపలి ఎరుపు మూత్రంలో దిగుతుంది. పి.సి.వి. రోజుల వ్యవధిలోనే పడిపోతుంది.

పిడుదుల ద్వారా వచ్చే బబేసియా వ్యాధిలో కూడా మూత్రం ఎర్రగానే ఉంటుంది. దానికి మందు వేరు, దీనికి మందు వేరు. జ్వరం ఎక్కువగా ఉండడం బబేసియా వైపు చూపిస్తుంది. కాని నిశ్చయంగా తేల్చేది రక్తమే. గాజు పలక మీద పూసిన రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే కణాలలోని బబేసియా క్రిములు కనిపిస్తవి. క్రిములు లేక, భాస్వరం బాగా తక్కువైతే దారి మరొకటి. రెండూ ప్రాణాంతకాలే. ఎర్రమూత్రం చూసిన పూటనే డాక్టరుగారికి చెప్పవలెను. పసరు పోసి రెండు రోజులు చూద్దామన్నవారి గేదెలు చాలావరకు దక్కలేదు.

రక్తం తీసే రోజున జాగ్రత్తలు

రక్తం తీయవలసినది పశువైద్య సిబ్బందే. కాని సరియైన ఫలితం రావడం మన చేతిలో కూడా ఉన్నది.

పశువును ఎండలో నడిపించి తెచ్చిన వెంటనే తీయించరాదు. నీడన కట్టి, నీళ్ళు చూపించి, కొంతసేపు ఆగవలెను. వీలైతే పశువు ఉన్నచోటనే తీయించడం మేలు. మేత పెట్టి ఎంతసేపైనది, ఏ మేత పెట్టినది, ఎన్నవ నెల చూడి లేక ఈని ఎన్ని రోజులు, పాలు ఎన్ని, నట్టల మందు ఎప్పుడు తాగించినది అన్నవి చీటీ మీద రాయించవలెను. ఈ వివరాలు లేకుండా వచ్చిన అంకెలు ఊరు పేరు లేని ఉత్తరం వంటివి.

కణాలు లెక్కించే రక్తానికి ఊదారంగు మూత గొట్టం వాడతారు. అందులో రక్తం గడ్డకట్టకుండా మందు ఉంటుంది. ప్రోటీను, భాస్వరం వంటివి చూడడానికి గడ్డకట్టనిచ్చే గొట్టం వేరు. గ్లూకోజు చూడవలెనంటే దానికి మరొక గొట్టం ఉన్నది. మామూలు గొట్టంలో కణాలే గ్లూకోజును తినివేస్తవి. గొట్టాలను ఎండలో, మోటారు సైకిలు పెట్టెలో ఉంచితే, గట్టిగా కుదిపితే కణాలు పగిలి భాస్వరం, పొటాషియం అంకెలు లేనిపోని ఎక్కువ చూపిస్తవి. పాల నమూనాను చల్లగా, జాగ్రత్తగా పంపినట్లే దీనినీ పంపవలెను.

గుర్రాలు, గాడిదలు ఉన్న సభ్యులకు

మన సభ్యులలో కొందరికి పెళ్ళి ఊరేగింపుల గుర్రాలు, బరువు మోసే గాడిదలు కూడా ఉన్నవి. వాటి రక్తం సంగతి కొంత వేరు. గుర్రం రెండు మూడు రోజులు మేత మానితే చాలు, రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగి కళ్ళు పచ్చబడతవి. గుర్రానికి అది ఒక్కటే చూసి కార్జం చెడిందని నిర్ణయించరాదు. పొట్టి గుర్రాలు, గాడిదలు, ముఖ్యంగా చూడితో ఉన్నవి, మేత మానితే వంటి కొవ్వు ఒక్కసారిగా కరిగి రక్తంలోకి దిగుతుంది. అప్పుడు తీసిన రక్తంలో కణాలు దిగిన తరువాత పైన నిలిచే పసుపు నీరు పాలలాగా తెల్లగా కనిపిస్తుంది. మనకు పాల తెలుపు శుభమే గాని గొట్టంలోని ఆ తెలుపు ప్రాణాపాయ సూచన.

గుర్రం ఒంటి తీరును చేతితో తడిమి 1 నుండి 9 వరకు మార్కులు వేసే పద్ధతిని అమెరికాలోని టెక్సాస్‌లో హెన్నెకీ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1983లో ప్రకటించినారు. పాడి పశువులకు 1 నుండి 5 వరకు వేసే పద్ధతి వాడుకలో ఉన్నది. తుంటి, వెన్ను, తోకమొదలు, పక్కటెముకలు చూసి, తడిమి మార్కు వేస్తారు. దీనికి ప్రయోగశాల అక్కరలేదు, ఖర్చు లేదు. రక్తపరీక్ష చేయించే ప్రతి పశువుకు ముందు ఈ మార్కు వేయించి చీటీలో రాయించవలెను.

చిక్కిన పశువుకు మేత మొదలుపెట్టడం

మా తప్పు జరిగినది ఇక్కడనే. కావున దీనిని శ్రద్ధగా చదువవలెనని మనవి.

చాలాకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా పిండిపదార్థం అందితే, దానిని వాడుకోవడానికి కణాలు రక్తంలోని భాస్వరాన్ని, పొటాషియాన్ని, మెగ్నీషియాన్ని లోపలికి లాగుకుంటవి. నిలువలు అప్పటికే ఖాళీ గనుక రక్తంలో అవి పడిపోయి గుండె, ఊపిరి, కండరాలు దెబ్బతింటవి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసినప్పుడు, 1945 ప్రాంతంలో, ఆకలితో ఉన్న ఖైదీలకు విడుదల తరువాత భోజనం పెట్టగా కొందరు చనిపోవడంతో వైద్యులు దీనిని గుర్తించినారు. పస్తులున్న గుర్రాలలోనూ ఇదే జరుగుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో వాటి మీద పరిశోధనలు చేసి, గింజలకంటే ఎండిన లూసర్న్ మేతను కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టడం మేలని చెప్పినారు. నెమరువేసే పశువుకు ఇంకొక ప్రమాదం కూడా తోడవుతుంది. నూకలు, అన్నం, పిండి ఒక్కసారిగా పడితే కడుపు పులిసి, ఆమ్లం పెరిగి పశువు కూలబడుతుంది.

కావున క్రమం ఇట్లా ఉండవలెను:

అ. మొదట నీళ్ళు, నీడ. నీళ్ళు కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టవలెను.

ఆ. మొదటి రోజులలో మంచి ఎండుమేత, కొంత పచ్చిమేత. లూసర్న్ దొరికితే ఎండబెట్టి, కొంచెం కొంచెంగా ఇవ్వవచ్చు. జావ, అన్నం, నూకలు వద్దు.

ఇ. ఖనిజ లవణ మిశ్రమం మొదటినుంచే ఇవ్వవలెను. మోతాదు డాక్టరుగారిని అడగవలెను.

ఈ. దాణా కొద్ది రోజులు ఆగి, పూటకు గుప్పెడుతో మొదలుపెట్టి, రెండు మూడు వారాలలో పూర్తి పాలుకు తేవలెను.

ఉ. నీరసించిన పశువుకు మన ఇష్టప్రకారం నట్టల మందు తాగించరాదు. పేడ పరీక్ష చేయించి, డాక్టరుగారు చెప్పిన రోజునే తాగించవలెను.

ఊ. మేత మొదలైన మొదటి వారంలోనే భాస్వరానికి ఒకసారి, నెల దాటిన తరువాత పి.సి.వి., అల్బుమిన్‌లకు ఒకసారి రక్తం చూపించడం మంచిది. ఒక్క చీటీకంటే రెండు చీటీల మధ్య తేడాయే ఎక్కువ చెబుతుంది.

ఒక్కరు చేయలేనిది సంఘం చేయగలదు

1970లో ఇంగ్లండులోని కాంప్టన్‌లో జాక్ పేన్ అనే పశువైద్య శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక పద్ధతిని ప్రకటించినారు. మందలో రోగం తెలియడానికి రోగిష్టి పశువును ఒక్కదానినే చూడక, బాగా పాలిచ్చేవి ఏడు, నడితరం పాలిచ్చేవి ఏడు, వట్టిపోయినవి ఏడు తీసుకొని రక్తం పరీక్షించినారు. గ్లూకోజు, యూరియా, భాస్వరం, అల్బుమిన్ వంటి అంకెలు గుంపులవారీగా చూస్తే పశువు రోగం కాదు, మేత లోపం బయటపడుతుందని వారి ఉద్దేశం.

మనలో ఒక్కొక్కరికి ఒకటి రెండు పశువులే ఉన్నవి. ఒక్కరి కొట్టం మంద కాదు. కాని సంఘం మొత్తం ఒక మందే గదా! ఊరంతా ఒకే చెరువు కింద వరిగడ్డి, ఒకే బీడు మేత. సంఘం తరఫున కొన్ని పశువులను ఎన్నుకొని ఏడాదికి ఒకసారి, వేసవి ముగింపులో, రక్తపరీక్ష చేయిస్తే ఆ ఊరి మేతలో ఏది తక్కువో అందరికీ తెలుస్తుంది. భాస్వరం తక్కువని తేలితే ఖనిజ మిశ్రమం సంఘమే టోకుగా తెప్పించవచ్చు. ఈ ఖర్చును మహాజన సభలో చర్చించి, లాభాల పంపకంలో పశు ఆరోగ్యానికి కేటాయించుకోవచ్చు. పాల కేంద్రం పుస్తకాన్ని కూడా వదలరాదు. ఊరిమీద ఎస్.ఎన్.ఎఫ్. నెలల తరబడి తగ్గుతూ ఉన్నదంటే, నీళ్ళ కల్తీని అనుమానించే ముందు పశువులకు మేత చాలుతున్నదా అని కూడా విచారించవలెను.

పశువు కూలబడినప్పుడు 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనాన్ని పిలవవచ్చు. ఆ అంకెను ప్రతి కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించవలెను.

చివరి మాట. చీటీ ఒక సాక్షి మాత్రమే. పశువు ఒళ్ళు రెండవ సాక్షి, గాటిలోని మేత మూడవ సాక్షి, పేడ నాలుగవ సాక్షి. నలుగురినీ విచారించి తీర్పు చెప్పవలసినది డాక్టరుగారు. మేమైనా, కార్యదర్శి అయినా, ఆ కుర్చీలో కూర్చోరాదు.

సభ్యుల సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన ఊరి పశువులకు వేసవిలో దొరికే మేత ఏది? అందులో ఏది తక్కువని మీ అభిప్రాయం?

2. ఎముకలు తేలిన పశువుకు రక్తపు చీటీ బాగున్నది. దీనికి ఎన్ని కారణాలు ఉండవచ్చు?

3. గత మూడేళ్ళలో మన సంఘంలో ఎర్రమూత్రంతో ఎన్ని గేదెలు పోయినవి? ఎన్నింటికి రక్తం చూపించినారు?

4. ఏడాదికి ఒకసారి సంఘం తరఫున రక్తపరీక్ష చేయించడానికి ఎంత ఖర్చు అవుతుంది? ఒక్క గేదె ధరతో పోల్చి చూడండి.